బోర్డు పెయింటర్ మీద కామెడీ డ్రామా: బొమ్మ నిజంగా వేస్తున్నట్టు తీయడం ఎలా?

కాలువగట్టు

స్క్రిప్టు ఒక కొలిక్కి వచ్చింది. గంటా నలభై నిమిషాల సినిమా, తెనాలి నేపథ్యం. హీరో నలభై అయిదేళ్ల బోర్డు పెయింటర్. ఊరికి ఆంధ్రా ప్యారిస్ అని పేరుంది కదా, దాంతో తను ప్యారిస్ ఆర్టిస్టునే అనుకుంటాడు. అదే ఊళ్లో విగ్రహాలు చేసేవాళ్లకి చేతినిండా పని. ఫ్లెక్సీ వచ్చాక ఇతన్ని పలకరించే దిక్కు లేదు.

కథ మొదలయ్యేది 2022 ఆగస్టులో, ప్రభుత్వం ఫ్లెక్సీల నిషేధం ప్రకటించిన రోజున. నవంబరు 1 నుంచి అమలన్నారు కాబట్టి మనవాడు అప్పు చేసి రంగు డబ్బాలు దింపుతాడు. తీరా అది 2023 జనవరి 26కి వాయిదా పడుతుంది. ఆ మధ్య రోజులే సినిమా.

పెద్ద సీన్లు మూడు. ఒకటి, అక్షరానికి ఇంత అని కిరాణా కొట్టు ఓనరుతో బేరం. రెండు, లోకల్ లీడర్ ముప్పై అడుగుల కటౌట్, అందులో చెయ్యి వణికి ముక్కు చెడుతుంది. మూడు, ఎవరూ అడక్కుండా ఒక గోడ మీద వేసిన పెద్ద బొమ్మకి చివర్లో మునిసిపాలిటీ వాళ్లు సున్నం కొట్టేస్తారు.

నటుడు మంచివాడే, కానీ కుంచె పట్టడం రాదు. మూడు వారాల షెడ్యూలు, చిన్న యూనిట్. బొమ్మలేసే సీన్లు నమ్మేలా ఎలా తీయాలి? సింక్ సౌండ్ (డబ్బింగు లేకుండా షూటింగులోనే మాటల రికార్డింగు) అనుకుంటున్నాం.

కుంచె మాస్టారు

ముందు నటుడి చెయ్యి. అతనికి బొమ్మలు నేర్పించాలని చూడకండి, అయిదు గీతలు నేర్పండి చాలు: నిలువు, అడ్డం, ఎడమ అరవంపు, కుడి అరవంపు, తలకట్టు కొట్టే టిక్కు. తెలుగు అక్షరాల్లో ఎక్కువ భాగం వీటితోనే అయిపోతాయి. పాత న్యూస్ పేపరు అడ్డం తిప్పి పెడితే కాలమ్ గీతలే గైడ్ లైన్లవుతాయి. రోజుకి రెండు పేజీలు నింపమనండి.

పేపరు మీద చూడాల్సినవి ఇవి. అక్షరాల బ్రష్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లాలి. వంపు తిరిగేటప్పుడు మణికట్టు తిప్పరు, బ్రష్ కాడ తిప్పుతారు. ఎడమ చేతిలో చివర గుడ్డ ఉండ చుట్టిన కర్ర, దాన్ని బోర్డుకి ఆనించి కుడి మణికట్టు దాని మీద పెడతారు. పెద్ద గీతయితే కదలిక భుజం నుంచి రావాలి. ఇవన్నీ చేసినా నటుడు దొరికిపోయే చోటు ఇంకోటుంది: బ్రష్‌ని డబ్బాలో ముంచి నేరుగా గోడకి పెట్టేస్తాడు. అలా ఎవరూ చేయరు. ముంచాక ఒక అట్టముక్క మీద అటూ ఇటూ రెండు మూడుసార్లు లాగి, వెంట్రుకలు ఉలి అంచులా సాఫీ అయ్యాకే అక్షరం మొదలుపెడతారు. ఆ అట్టముక్క చేతిలో లేకపోతే, బోర్డులు రాసినవాడెవడైనా మొదటి నిమిషంలోనే నవ్వేస్తాడు.

మిర్చీబజ్జీ

అక్షరాల బేరం సీనుకి ఏ బోర్డు అనుకున్నారు? పేరుని బట్టే కామెడీ. "శ్రీ లక్ష్మీ గణపతి కిరాణా" తీసుకోండి. ఓనరు వేళ్లు మడిచి లెక్కపెడతాడు: శ్రీ, ల, క్ష్మీ, గ, ణ, ప, తి, కి, రా, ణా. పది. పెయింటరు వొత్తులు కలిపి పదమూడంటాడు. అరుగు మీద కూర్చున్న రిటైర్డ్ తెలుగు పంతులు క్ష అనేది వర్ణమాలలో ఒకే అక్షరం కాబట్టి పన్నెండంటాడు. ముగ్గురిదీ న్యాయమే. డైలాగు ఒక్కటీ జోకుగా రాయక్కర్లేదు, లెక్క లెక్కగా చెప్పిస్తే చాలు.

కాలువగట్టు

మిర్చీబజ్జీ గారూ, ఇది దొంగిలిస్తున్నా.

కుంచె మాస్టారు

ఆ బోర్డే పెడితే కొలతలు కూడా సరిగ్గా పెట్టండి. తెలుగు బోర్డుకి రెండు గీతలు చాలవు, నాలుగు కావాలి. అక్షరం ఒళ్లు 8 అంగుళాలనుకుంటే పైన గుడి, గుడిదీర్ఘం కోసం 4, కింద వొత్తుల కోసం కనీసం 5 అంగుళాలు వదలాలి. క్ష్మీలో ష వొత్తు కింద మ వొత్తు కూడా ఇమడాలి కదా. గీతలు కొట్టడానికి నూలు దారానికి సుద్ద రాసి, రెండు కొసలూ ఇద్దరు లాగి పట్టుకుంటే మధ్యలో పట్టి వదులుతారు. ఇద్దరు మనుషుల పని అది, మీ సీనుకి పనికొస్తుంది: బేరం తేలకముందే ఓనరు చేత దారం కొస పట్టించెయ్యచ్చు.

ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు కంప్యూటర్ ఫాంటు ప్రింటు తీసి ట్రేస్ చేస్తామంటారు, ఒప్పుకోకండి. ఫాంటులో మూడు "ణ"లుంటే మూడూ ఒకే అచ్చు. చేత్తో రాసినప్పుడు చోటుని బట్టి ఒకటి సన్నబడుతుంది, ఒకటి బొద్దుగా వస్తుంది. శ్రీ కింద ర వొత్తుని అన్నీ అయ్యాక ఎడమవైపు నుంచి ఒక్క ఊపులో లాగి వదిలేస్తారు. క్లోజప్‌కి ఆ ఒక్క గీత తీసుకోండి. దాన్ని నటుడితో చేయించకండి, అసలు పెయింటరు చెయ్యి పెట్టండి.

క్లాప్ బోర్డ్

చెయ్యి డబుల్ పెట్టేటప్పుడు మర్చిపోయేవి: గోళ్ల పొడవు, గోళ్ల సందులో రంగు, ఉంగరం, రాగి కడియం, చొక్కా చెయ్యి ఎంత మడిచాడు. మొదటి రోజే నటుడి చెయ్యి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి కంటిన్యుటీ ఫైల్లో పెట్టండి. అసలు పెయింటరు ఎడమచేతి వాటమైతే నటుడికీ మొదట్నుంచీ ఎడమచెయ్యే నేర్పండి. షాట్ అద్దంలో బొమ్మలా తిప్పేస్తాం అనుకుంటారేమో, అక్షరాలు తిరగబడతాయి.

అసలు తలనొప్పి వేరే. సీన్లు వరసలో తీయరు, బొమ్మేమో వరసలోనే పెరుగుతుంది. కటౌట్ స్క్రిప్టులో ఎన్ని దశల్లో కనిపిస్తుందో రాసుకోండి: గళ్లు కొట్టింది, బొగ్గుతో గీసింది, అడుగు రంగు పట్టింది, ముఖం సగం, తప్పు ముక్కుతో పూర్తయింది, సరిదిద్దింది. ఆరు దశలకి ఒక్క బొమ్మ పెట్టుకుంటే మీ షెడ్యూలు బొమ్మ చేతిలో ఉంటుంది, హీరో డేట్లు దొరికినా బొమ్మ డేట్లు దొరకవు. ముఖం వరకైనా దశకొకటి ముందే చేయించుకోండి.

కుంచె మాస్టారు

దీనికి సులువుంది. ముప్పై అడుగుల నిలువెత్తు మనిషిని ఏడున్నర తలల లెక్కన వేస్తే తల 4 అడుగులొస్తుంది. కటౌట్లలో తల కాస్త పెద్దదే చేస్తారు, 5 అడుగులనుకోండి. ప్లైవుడ్ షీటు 8 బై 4. అంటే ముఖం మొత్తం నిలువుగా పెట్టిన ఒకే షీటులో పడుతుంది. ఆ ఒక్క షీటునే ఆరు కాపీలు చేయించండి, ఒళ్లు ఒకటి చాలు. షీట్ల అతుకులు కనిపిస్తాయన్న బెంగొద్దు, నిజం కటౌట్లలోనూ కనిపిస్తాయి.

గళ్ల పద్ధతి తెలుసుగా: 10 బై 8 అంగుళాల ఫొటో మీద అంగుళం గళ్లు, ప్లైవుడ్ మీద అడుగు గళ్లు. పన్నెండింతలు. ముక్కు చెడటానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. లీడర్ ఫొటో వాట్సాప్‌లో వస్తుంది, దాన్ని ప్రింటు కొట్టు కుర్రాడు పేజీకి సరిపోవాలని అడ్డంగా సాగదీస్తాడు. మనవాడు గళ్లు నమ్మి నిజాయితీగా ఎక్కిస్తాడు. పదో వంతు సాగినా ముక్కు వెడల్పు తెలిసిపోతుంది. తప్పు పెయింటరుది కాదు, కానీ నింద అతనికే. ఇప్పుడున్న "చెయ్యి వణికింది" కన్నా ఇది బలంగా ఉంటుందని నా ఉద్దేశం.

మిర్చీబజ్జీ

దానికి తోడు లీడరు మనుషులు "ముక్కు బావుంది, ఇంకొంచెం పెంచు" అంటే?

సైట్ ఇంజనీర్

ముప్పై అడుగుల కటౌట్ నిజంగా నిలబెట్టే ఆలోచన ఉంటే ఆగండి. 30 బై 12 అంటే 360 చదరపు అడుగులు, సుమారు 33 చదరపు మీటర్లు. గాలి ఒత్తిడికి మన కట్టడాల కోడ్‌లో వాడే సూత్రం 0.6 ఇంటూ వేగం వర్గం. గంటకి 54 కిలోమీటర్ల ఈదర గాలి, అంటే సెకనుకి 15 మీటర్లు, చదరపు మీటరుకి 135 న్యూటన్లు. మొత్తం 4,500 న్యూటన్లు దాటుతుంది, అంటే 450 కిలోల పైచిలుకు తోపు, అదీ ఆకారాన్ని బట్టి పెరిగే గుణకం కలపకముందు. వేసవి సాయంత్రం ఆ గాలి చెప్పాపెట్టకుండా వస్తుంది. సరుగుడు కర్రలూ కొబ్బరి తాళ్లూ కట్టేవాళ్లకి అనుభవం ఉంటుంది, కానీ షూటింగు రోజున కెమెరాకి అడ్డమని వెనక ఆనుడు కర్రల్లో రెండు తీసెయ్యమంటారు చూడండి, ప్రమాదాలు అక్కడే.

నిలువుగా పైకెత్తిన షాట్ ఒక్కటే కావాలంటే నడుము పైభాగం మాత్రం 12 అడుగులు చేసి, కింద నుంచి వైడ్ లెన్స్‌తో తీయండి. మిగతాది గ్రాఫిక్స్‌లో పొడిగించొచ్చు. నేల మీద పడుకోబెట్టి వేసే సీన్లకి గాలి బాధ లేదు, అవి పూర్తి సైజులో తీసుకోండి. కిందికి చూస్తే ముప్పై అడుగుల లీడరు, మధ్యలో ముక్కు మీద గొంతుక్కూచున్న పెయింటరు.

ఓరుగల్లు పిల్లగాడు

కెమెరా సంగతి నేను జెప్త. ఎనామిల్ పెయింటు అద్దం లెక్క మెరుస్తది. లైటు పెట్టంగనే బొమ్మల ముఖం పోయి తెల్ల మచ్చ మిగులుతది. మస్తు మంది లెన్సుకు పోలరైజర్ (మెరుపును కోసే ఫిల్టర్) పెట్టేస్తే అయిపోతదనుకుంటరు. గట్ల కాదు. బోర్డుకు ఎదురుంగ నిలవడితే అది దాదాపు ఏం జెయ్యది. బోర్డు ఉపరితలానికి 35 డిగ్రీల వాలుల నుంచి చూస్తేనే మెరుపు మంచిగ కోస్తది. మీదికెల్లి స్టాపున్నర దాకా వెలుతురు తింటది, ఒక స్టాపంటేనే వెలుతురు సగమైతది, చీకటి షెడ్డుల అది తక్కువేం గాదు.

ఎదురు షాట్ గావాల్నంటే లైట్లు రెండు దిక్కుల 45 డిగ్రీలల్ల పెట్టుర్రి, మెరుపు కెమెరా దిక్కు రాదు. కానీ గట్ల తీస్తే కుంచె గీతలు సదునైపోతయ్, ప్రింటు కొట్టినట్టు గొడ్తది. మీ కథంత ఫ్లెక్సీకి, చేతి పనికి నడుమ కొట్లాట గదా. హీరో బొమ్మ తీసేటప్పుడు లైటును గోడకు అంటినట్టు పక్కకెల్లి కొట్టుర్రి, రంగు పొర లేచి కనవడ్తది. ఫ్లెక్సీని సదునుగ ఎదురుంగ తీయుర్రి. డైలాగు లేకుంటనే తేడా తెలుస్తది.

కాలువగట్టు

ఎనామిల్ మానేసి యాక్రిలిక్ వాడితే? ఆరడానికి ఆగక్కర్లేదు కదా.

కుంచె మాస్టారు

సగం సగం చేయండి. ఎనామిల్ పైపొర అంటుకోకుండా ఆరడానికే గంటలు పడుతుంది, రెండో కోటు మర్నాడే. షూటింగులో అది కుదరదు. యాక్రిలిక్ అరగంటలో ఆరుతుంది, కానీ మెరవదు, ఆ గాజు నిగారింపు లేకపోతే బోర్డు పెయింటర్ పనిలా ఉండదు.

రీటేకుల కోసం ఒక చిట్కా. ముఖం షీటుని ఎనామిల్‌తో పూర్తిచేసి వారం పది రోజులు గట్టిగా ఆరనివ్వండి. కెమెరా ముందు వేసే గీతలు పోస్టర్ కలర్‌తో వెయ్యండి. నీళ్ల రంగు నున్నటి ఎనామిల్ మీద ముత్యాల్లా విడిపోతుంది, అందుకే రంగులో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలపాలి, అప్పుడు పరుచుకుంటుంది. తడి మెరుపు నిలవాలంటే కాస్త గ్లిజరిన్. టేకు చెడిందా, తడిగుడ్డతో తుడిచేస్తే ఎనామిల్ మళ్లీ శుభ్రం. ఒక్క షీటు మీద ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు. అడుగు ఎనామిల్ సరిగ్గా ఆరకముందే తుడిస్తే మాత్రం అసలు బొమ్మే మసకబారుతుంది, మళ్లీ మొదటికొస్తారు.

గుడ్డ బ్యానరు సీను ఉంటే మార్కిన్ గుడ్డ. పన్నా చిన్నది కాబట్టి ముక్కలు కుట్టి బిగించాలి. పచ్చి గుడ్డ మీద ఆయిల్ పెయింటు పెడితే అక్షరం చుట్టూ నూనె మరక వలయంలా పాకుతుంది. ముందు సుద్దపొడి, ఫెవికాల్, నీళ్లు కలిపి ఒక పూత పూసి ఆరనివ్వాలి. లీటరు ఎనామిల్ ఒక కోటుకి నూరు చదరపు అడుగులకి అటూ ఇటూగా వస్తుంది. హీరో అప్పు చేసి దింపే డబ్బాల సంఖ్య ఈ లెక్కన రాసుకోండి. వంద లీటర్లు దింపాడంటే పదివేల చదరపు అడుగుల ఆశ అన్నమాట.

బూమ్ రాడ్

సింక్ సౌండ్ అన్నారు కాబట్టి రెండు ముక్కలు. పెయింటరు డైలాగు గోడకి చెప్తాడు. వెనక పట్టిన బూమ్‌కి (పొడుగు కర్ర చివరి మైకుకి) వీపు, గోడ నుంచి తిరిగొచ్చిన బోలు గొంతు దొరుకుతాయి. బోర్డు పైఅంచు మీద చిన్న మైకు దాచిపెట్టండి. కాలర్ మైకు పెడితే ప్రతిసారీ చెయ్యి ఎత్తినప్పుడు చొక్కా రాపిడి వినిపిస్తుంది. చొక్కా లోపల రొమ్ము మధ్యలో, తీగకి ఒక మెలిక వేసి టేపు అంటించండి, అప్పుడు కొంత నయం.

కుంచె చప్పుడు సెట్టులో దొరకదు, ఆశపడకండి. తర్వాత ప్లైవుడ్ మీద ఎండిన గట్టి బ్రష్‌తో విడిగా చేసుకోండి. షెడ్డు నిశ్శబ్దం ఒక నిమిషం, గోడ దగ్గర ట్రాఫిక్ ఒక నిమిషం తప్పకుండా రికార్డు చేయండి.

ఇంకోటి, ఇది అందరూ వదిలేస్తారు. సౌండ్ కోసం ఫ్యాన్లు ఆపేసి తలుపులేస్తాం. లోపల టర్పెంటైన్, ఎనామిల్ తెరిచి ఉంటాయి. అరగంటలో తల పట్టేస్తుంది, నటుడి ముఖంలో తెలిసిపోతుంది. డబ్బాల్లో రంగు నీళ్లు పోసి పెట్టండి, నిజం ఎనామిల్ క్లోజప్‌కి మాత్రమే తెరవండి, టేకుకీ టేకుకీ మధ్య తలుపులు బార్లా తీయండి.

సైట్ ఇంజనీర్

అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా ఒక మూల పడేయకండి. ఆ నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా చుట్టిన గుడ్డలో ఆ వేడి బయటికి పోదు, అగ్గిపుల్ల లేకుండానే అంటుకుంటుంది. మూతున్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి అందులో వెయ్యాలి, లేదా ఒక్కొక్కటి విప్పి బయట దండెం మీద ఆరేయాలి.

మిర్చీబజ్జీ

హీరో గదిలో చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ ఫొటో పెట్టండి. ఆయనా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పైకొచ్చినవాడే, హైదరాబాదుతో అనుబంధం ఉన్నవాడు. మనవాడు దేవుడి పటాల పక్కన పెట్టుకుంటాడు.

నల్లకోటు

ఆ ఫొటో గోడ మీద ఊరికే వేలాడుతూ ఉంటే ఇబ్బంది లేదు. కాపీరైట్ చట్టం 52(1)(యు) ప్రకారం సినిమాలో నేపథ్యంగానో, ముఖ్య విషయానికి పక్కగానో కనిపించే కళాకృతికి అనుమతి అక్కర్లేదు. చట్టం దృష్టిలో ఫొటో కూడా కళాకృతే. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాలకీ అదే వర్తిస్తుంది, అంటే తెనాలి వీధుల్లో తిరుగుతుంటే కనిపించే విగ్రహాలు సరే. కానీ హీరో ఆ ఫొటో తీసి చేత్తో పట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడాడంటే అది నేపథ్యం అనిపించుకోదు.

అసలు సంగతి, హీరో బొమ్మలు. వాటిని నిజంగా వేసిన ఆర్టిస్టుతో కాగితం రాసుకున్నారా? డబ్బిచ్చి బొమ్మ కొన్నంత మాత్రాన హక్కులు రావు, బొమ్మ వేరు, దాని కాపీరైటు వేరు. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లే అనుకుంటారు. ఎక్కడ అని రాయకపోతే భారతదేశం వరకే. అయిదేళ్ల తర్వాత ఏ ఓటీటీ వాళ్లో కాగితాలడిగితే అప్పుడు వెతుక్కోవాలి. కాపీరైటు ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, పోస్టరూ ట్రైలరూ సహా అని రాయించుకోండి.

సున్నం కొట్టే సీను ఉంది కాబట్టి ఇంకో పేరా చేర్చండి. 57వ సెక్షన్ కింద కళాకారుడికి, తన కృతిని పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కు విడిగా ఉంది. హక్కులు అమ్మేసినా అది పోదు. విజ్ఞాన్ భవన్‌లోని కుడ్యశిల్పం తీసేసిన కేసులో దాన్ని చేసిన శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి 2005లో ఢిల్లీ హైకోర్టు నష్టపరిహారం ఇప్పించింది. ఫలానా సీనులో ఈ బొమ్మని చెరిపేస్తాం, నాకు సమ్మతమే అని ఆర్టిస్టు చేత ముందే రాయించండి.

కాలువగట్టు

ఇవేవీ చేయలేదు. ఆర్టిస్టుతో ఈ వారమే కూర్చుంటాం. సున్నం సీను ఒక్క టేకులో తీయాల్సిందేనా? గోడ మళ్లీ వేయించే ఓపిక లేదు.

కుంచె మాస్టారు

సున్నం వాడనే వాడొద్దు. నిజం సున్నం గాలి తగిలి రాయిలా గట్టిపడుతుంది, పూర్తిగా కడగలేరు. కంట్లో పడితే కాలుస్తుంది కూడా. సుద్దపొడి నీళ్లలో కలపండి, జిగురు ఏమీ వెయ్యకండి. బొమ్మ మీద ముందే రెండు కోట్లు క్లియర్ వార్నిష్ కొట్టి ఆరనిచ్చి ఉంచితే, టేకయ్యాక పైపుతో కడిగితే సుద్ద అంతా కిందికి దిగిపోతుంది.

దీనిలో మీకు సినిమాకి పనికొచ్చే గుణం ఒకటుంది. సున్నమైనా సుద్దయినా తడిగా ఉన్నప్పుడు అంత తెల్లగా ఉండదు, కింది బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. ఆరే కొద్దీ తెల్లబడుతుంది. అంటే కొట్టినవాళ్లు నిచ్చెన సర్దుకుని వెళ్లేటప్పటికి బొమ్మ ఇంకా అక్కడే ఉంటుంది. "ఏరా, సరిగ్గా కొట్టావా" అని ఒకడు ఇంకొకణ్ణి తిట్టొచ్చు. ఎండలో కెమెరా కదపకుండా పావుగంట వదిలేస్తే మిగతాది దానంతటదే జరుగుతుంది. వార్నిష్ మెరుపు వల్ల మొదటి చేయి సరిగ్గా పట్టకపోతే, సబ్బు చుక్కలు ఇక్కడా వెయ్యండి.

ఇంకో జాగ్రత్త: ఆ బొమ్మ వెయ్యడానికి కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడ ఎంచుకోకండి. సిమెంటు, సున్నంలోని క్షారం ఆయిల్ పెయింటులోని నూనెని సబ్బుగా మార్చేస్తుంది, రంగు జిడ్డుగా అయి పొరలు పొరలుగా ఊడుతుంది. పాత గోడ కావాలి, లేదంటే నాలుగు వారాలు ఆరి, ప్రైమర్ పడి ఉండాలి.

ఓరుగల్లు పిల్లగాడు

గోడ ఏ దిక్కు జూస్తదో గూడ జూడుర్రి. రోజంత ఒక్క తీరు వెలుతురు గావాల్నంటే ఉత్తరం దిక్కు గోడ. కానీ తెనాలి అక్షాంశం 16 డిగ్రీల పైన గదా, మే మొదటి వారం సంది ఆగస్టు మొదటి వారం దాక పగటీలి సూర్యుడు నెత్తి దాటి ఉత్తరానికి జరుగుతడు. గా మూడు నెలలు ఉత్తరం గోడ మీద గూడ ఎండ పడ్తది, నెత్తి మీదికెల్లి గీసినట్టు వస్తది, సీను నడుమ నీడలు మారిపోతయ్. డిసెంబర్ల తీస్తే గా లొల్లి ఉండది. కానీ గా పావుగంటల సుద్ద ఆరుడు నీడల గాదు. దానికి పక్క నుంచి ఫ్యాన్లు పెట్టి ఆరనీయుర్రి, లేకుంటే ఎండ పడే గోడ వేరే దేవులాడుర్రి.

కత్తెర

ఇదంతా బావుంది గానీ ఒక మాట అడుగుతా. గోడ మీది ఆ గొప్ప బొమ్మని ప్రేక్షకుడికి చూపిస్తారా?

నా సలహా, చూపించొద్దు. ఇలాంటి సినిమాలు కూలేది అక్కడే. గంటన్నర సేపు "వీడిలో ఏదో ఉంది" అని నమ్మించి, చివర్లో తెర నిండా బొమ్మ చూపిస్తే హాల్లో ప్రతివాడూ విమర్శకుడైపోతాడు. "ఇంతేనా" అన్న ఒక్క గొంతు చాలు. చూసేవాళ్ల ముఖాలు చూపించండి, కాలువ నీళ్లలో వంకరగా కదిలే రంగులు చూపించండి, నిచ్చెన మెట్ల మధ్య నుంచి ఒక కన్ను, ఒక చెయ్యి.

మిర్చీబజ్జీ

కత్తెర అన్నా, ఇది కళాఖండం దాచే సినిమా కాదు. అతనికి కళాఖండాలు రావు, బోర్డులొచ్చు. అదే కదా కథ. బొమ్మని పూర్తిగా చూపించాలి, అది సినిమా బ్యానరు పద్ధతిలోనే ఉండాలి. ముఖం మీద గులాబీ రంగు, నీడల్లో ఊదా, దవడ కింద ఆకుపచ్చ. గ్యాలరీ వాళ్లకి నచ్చాల్సిన పని లేదు, సెంటర్లో టీ తాగేవాడు గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చి చూడాలి. దాస్తే "మేధావి కానీ గుర్తింపు లేదు" అన్న పాత కథే అవుతుంది.

కత్తెర

అలాగైతే చూపించాల్సింది చివర్లో కాదు, ముందే. బొమ్మ పెరగడం సినిమా అంతా వెనకాల కనిపిస్తూ ఉండాలి, ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. పాల వ్యాన్ దాని ముందు ఆగుతుంది, ఎవడో సైకిలు ఆనిస్తాడు, పోస్టరు అంటిస్తాడు, ఇతను వచ్చి ఓపికగా చింపుతాడు. సున్నం పడే వేళకి ప్రేక్షకుడికి అది అలవాటైన గోడ అయిపోవాలి. అప్పుడు చూపించినా ఒప్పుకుంటా. కాకపోతే క్లాప్ బోర్డ్ గారికి పని పెరుగుతుంది, వీధి సీను ప్రతి దానికీ గోడ ఏ దశలో ఉందో రాసుకోవాలి.

క్లాప్ బోర్డ్

పెరిగితే పెరగనీండి, కానీ వీధి సీన్లన్నీ కథ వరసలోనే షెడ్యూలు చేస్తా, ఇళ్ల సీన్లు మధ్యలో దూరుస్తా. గోడకి కాపీలు కుదరవు కదా.

కటౌట్ జెండా రంగులు ఏ నిజం పార్టీవీ కాకుండా చూసుకోండి. లీడరు కండువా కూడా. అలాగే హీరో చేతిలో బీడీ స్క్రిప్టులో ఉంటే కొట్టేయండి. 2012 నుంచి ఉన్న నిబంధన: సినిమా మొదట్లో, మధ్యలో కనీసం 30 సెకన్ల ఆరోగ్య ప్రకటన, 20 సెకన్ల హెచ్చరిక, బీడీ కనిపించినంతసేపూ కింద అక్షరాలు. మీరు అంత కష్టపడి తీసిన ర వొత్తు క్లోజప్ కిందే ఆ హెచ్చరిక పడుతుంది. గుట్కా నమిలినా అదే కథ. సందులో ఆవు, పావురాలు కావాలని షాట్‌లో పెడితే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగుకి ముందే తీసుకోవాలి, తర్వాత సెన్సారు దగ్గర ఆ కాగితం అడుగుతారు.

నిర్వాహకుడు

ఫ్లెక్సీ నిషేధం మంచిదా చెడ్డదా అని రాసిన నాలుగు పోస్టులు తీసేశాను. ఆ గొడవ ఇక్కడ వద్దు.

నల్లకోటు

నిషేధం ప్రకటన సీనులో టీవీ వార్తల క్లిప్పు వాడాలనుకుంటే ఆ ఛానల్ అనుమతి కావాలి. టీ కొట్టు రేడియోలో మీ సొంత గొంతుతో రెండు వాక్యాలు చదివించుకోండి. గోడ ఎవరిదో వాళ్ల సంతకం మర్చిపోవద్దు, ప్రైవేటు గోడ అయినా సరే. బహిరంగ ప్రదేశాలు పాడుచేయడం మీద 1997 నాటి రాష్ట్ర చట్టం ఉంది, కాబట్టి మునిసిపాలిటీకీ ఒక కాగితం పెట్టండి. గోడ ముందెలా ఉంది, తర్వాతెలా అప్పగించారు, రెండు ఫొటోలూ దానికి జతచేయండి.

కాలువగట్టు

గోడ విషయంలో కత్తెర గారి మాటే తీసుకుంటున్నాం, బీడీ తీసేశాం. చివరి డౌటు: పెయింటరు షెడ్డులో పాత ట్యూబులైట్లే ఉంచాలని ఉంది. టెస్టు షాట్‌లో ఎనామిల్ మీద నల్లటి పట్టీలు పాకుతున్నాయి. కెమెరా చెడిందా?

ఓరుగల్లు పిల్లగాడు

కెమెరా మంచిగనే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత చోకు ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతది. మీరు 24 ఫ్రేములల్ల 180 డిగ్రీల షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే టైము) పెట్టినట్టున్నరు, అంటే సెకనుల 48వ వంతు, మినుకుతోని కలవది. షట్టర్ 172.8 డిగ్రీలకు మార్చుర్రి. మెనూల డిగ్రీలు లేకుంటే 1/50 పెట్టుర్రి, రెండూ ఒక్కటే. ఎల్‌ఈడీ ట్యూబులు గలిపితే ముందుగాల ఒక్కొక్కటి విడిగ టెస్టు జేయుర్రి. చౌకవి కొన్ని 1/50 పెట్టినా ఆగవు, వాటిని తీసి పక్కన పెట్టుడే.